ఫ్యాను, గీజరు, ఏసీ: ఏది కొంటే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుంది?

మా అక్కది తెనాలి. నేనుండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. మొన్న మే నెలలో రెండిళ్లలోనూ మీటరు సరిగ్గా 230 యూనిట్లు తిరిగింది. యూనిట్ల లెక్కన నాకు పడింది 1,251 రూపాయలు, అక్కకు 1,061 రూపాయలు.

"ఏరా, యూనిట్లు ఒకటేగా, నీకెందుకు అంత ఎక్కువొచ్చింది?" అని ఫోన్లో అడిగింది. అప్పటికే తను నాలుగు ఫ్యాన్లు, ఒక గీజరు, ఒక ఏసీ కొనాలని చూస్తోంది. షాపుకు వెళ్తే ఒకరు స్టార్లు చూడమన్నారట, ఒకరు వాట్లు చూడమన్నారట, ఇంకొకరు ఏ కంపెనీదో చూసుకుంటే చాలన్నారట. ఆ మూడింటికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఆ వస్తువు మీ ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? అది మిగిల్చే యూనిట్లు మీ బిల్లులో ఏ స్లాబు (రేటు మెట్టు) నుంచి తగ్గుతాయి? ఈ రెండూ తెలియకుండా ఏది లాభమో ఎవరూ చెప్పలేరు.

ముందు మీ స్లాబు తెలుసుకోండి

ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిచినంత. వంద వాట్లదైతే పది గంటలు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. యూనిట్ ధర ఎంత అన్న దగ్గరే లెక్క తప్పుతుంది. చాలామంది బిల్లును యూనిట్లతో భాగించి "మాకు సగటున నాలుగున్నర పడుతోంది" అంటారు. ఆ సగటుతో ఏ వస్తువునూ ఎంచుకోకూడదు. మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ పై స్లాబు నుంచే తగ్గుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన రేట్ల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇది మెట్ల లెక్క. ఎంత వాడినా కింది మెట్ల చవక ధర అలాగే ఉంటుంది. పై మెట్టు ఎక్కిన యూనిట్లకే ఎక్కువ ధర.

తెలంగాణలో అలా కాదు. వందలోపు వాడితే 50 దాకా 1.95, ఆపైన 3.10. వంద దాటి రెండు వందల లోపైతే మొదటి యూనిట్ నుంచే లెక్క మారి, మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటితే మళ్లీ మొదటి నుంచీ మారి, మొదటి రెండు వందలకూ 5.10 చొప్పున, 300 దాకా 7.70, 400 దాకా 9.00, 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు పడితే, 201కి 1,027 రూపాయల 70 పైసలు పడుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల ఏడు రూపాయలు!

ఈ లెక్కలన్నీ యూనిట్ల చార్జీ వరకే. వీటి మీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు లాంటివి ఉంటాయి. రేట్లు విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉత్తర్వులతో మారుతుంటాయి కాబట్టి కొనే ముందు మీ తాజా బిల్లు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు నా 230 యూనిట్లకు వద్దాం. ఎలాగోలా 30 తగ్గించి 200కి దించగలిగితే నా బిల్లు 1,251 నుంచి 820కి వస్తుంది. యూనిట్‌కు పద్నాలుగు రూపాయలకు పైగా మిగిలినట్టు. అక్క అదే 30 తగ్గిస్తే 194 రూపాయలు, యూనిట్‌కు ఆరున్నర. వస్తువు అదే, పొదుపు అంతే, ఫలితం మాత్రం రెట్టింపు తేడా. తెలంగాణలో తెల్లకార్డు ఉండి గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకైతే ఆ 200 గీత ఇంకా ముఖ్యం. అది దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

ఫ్యాన్లు: అన్నీ మార్చకండి, తిరిగేవి మార్చండి

మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఇందులో మాయేమీ లేదు. పాత మోటారులో తిరిగే భాగంలో అయస్కాంతం సొంతంగా ఉండదు, కరెంటు ఖర్చుపెట్టి దాన్ని అయస్కాంతంగా చేయాలి, ఆ పనిలో చాలా భాగం వేడిగా పోతుంది. కాసేపు తిరిగిన పాత ఫ్యాన్‌ను ఆపి మధ్య డబ్బా మీద చెయ్యి పెడితే ఆ వేడి మీకే తెలుస్తుంది. బీఎల్‌డీసీలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, తీగచుట్టలకు ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చిన్న బోర్డు చూసుకుంటుంది.

తేడా 45 వాట్లు. హాల్లో ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరుగుతుందనుకుంటే నెలకు 20 యూనిట్లు. బీఎల్‌డీసీకి మామూలు దానికంటే పదిహేను వందలు ఎక్కువ పెట్టాల్సి వస్తుందనుకుందాం. మీ పై స్లాబు 8.75 అయితే నెలకు 177 రూపాయలు మిగులుతుంది, తొమ్మిది నెలల వాడకంలో డబ్బు తిరిగొస్తుంది. ఆరు రూపాయల స్లాబైతే ఏడాది. నెలకు డెబ్బై యూనిట్లు వాడే చిన్న కుటుంబమైతే మిగిలేది 60 రూపాయలే, రెండేళ్లకు పైగా పడుతుంది. వాళ్లు ఉన్న ఫ్యాన్ పాడయ్యేదాకా ఆగడమే మంచిది.

అందుకే అక్కతో నాలుగు కాదు, రెండు చాలన్నాను. హాల్లో ఒకటి, అమ్మ పడుకునే గదిలో ఒకటి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తిరిగే గదిలో బీఎల్‌డీసీ పెట్టినా దాని ధర పదేళ్లకు కూడా రాదు.

కొనేటప్పుడు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని. బీఎల్‌డీసీకి గోడ మీది రెగ్యులేటర్ పనికిరాదు. దాన్ని బైపాస్ చేసి రిమోట్‌తోనో దాని సొంత స్విచ్‌తోనో నడపాలి. పెద్దవాళ్లకు రిమోట్ ఇబ్బందైతే గోడ స్విచ్‌ను ఆపి వేస్తే స్పీడు మారే రకాలున్నాయి, అడిగి తీసుకోండి. మామూలు ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలాసార్లు కండెన్సర్ మార్చితే సరిపోతుంది, ఏ ఎలక్ట్రీషియనైనా పది నిమిషాల్లో చేస్తాడు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే కంపెనీ మనిషి రావాలి. కాబట్టి వారంటీ ఎన్నేళ్లు, వారంటీ తర్వాత బోర్డు ఎంత అన్నది బిల్లు కట్టకముందే అడగాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి పోల్చుకోవడం తేలికైంది.

కరెంటు తరచూ పోయే ఊళ్లో ఉంటే ఈ ఎంపికకు ఇంకో బలమైన కారణం ఉంది. ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది, అవి పోను చేతికందేది సుమారు 1,100. నాలుగు మామూలు ఫ్యాన్లు దాని మీద నాలుగు గంటలు కూడా తిరగవు. నాలుగు బీఎల్‌డీసీలైతే తొమ్మిది గంటలు. రెండో బ్యాటరీ కొనే ఆలోచన ఉంటే ఆ డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టండి.

వేడి నీళ్లు: వాట్లు చూసి భయపడొద్దు

"మూడు వేల వాట్ల గీజరా! వద్దు, బిల్లు పేలిపోతుంది, వెయ్యి వాట్ల రాడ్డు చాలు" అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. ఇది పూర్తిగా తప్పు.

నీళ్లు కాచడానికి ఎంత వేడి కావాలన్నది నీళ్లను బట్టి ఉంటుంది, గీజరును బట్టి కాదు. ఒక లీటరును ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ. ఒక యూనిట్ కరెంటు ఇచ్చే వేడి 860 కిలోక్యాలరీలు. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు పెంచాలంటే 400 కావాలి, అంటే అర యూనిట్‌కు కాస్త తక్కువ. వెయ్యి వాట్ల రాడ్డు ఆ పని 28 నిమిషాల్లో చేస్తుంది, మూడు వేల వాట్ల గీజరు తొమ్మిది నిమిషాల్లో చేస్తుంది. మీటరు తిరిగేది రెండిట్లోనూ ఒక్కటే. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ అంటే నెలకు 56 యూనిట్లు, ఏ కంపెనీ గీజరు పెట్టినా.

మరి తేడా ఎక్కడుంది? కాగిన నీళ్లు వాడకుండా ఉండిపోవడంలో. 25 లీటర్ల స్టోరేజి గీజరును పొద్దున వేసి ఆపడం మరిచిపోతే రోజంతా చల్లారుతూ, మళ్లీ కాగుతూ ఉంటుంది. వరుసగా నలుగురూ స్నానం చేసే ఇంటికి 15 లీటర్ల స్టోరేజి, ఐదు స్టార్లది, బాగుంటుంది. వంటింటి సింకు కోసమో, ఒక్కరే వాడే బాత్రూమ్ కోసమో అయితే 3 లీటర్ల ఇన్‌స్టంట్ మంచిది. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎలిమెంట్ మీద పొర కడుతుంది. ఆ పొర పడ్డాక ఎలిమెంట్ వేడి నీళ్లలోకి సరిగ్గా దిగదు, చివరికి ఎలిమెంట్ కాలిపోతుంది. రెండేళ్లకోసారి విప్పి శుభ్రం చేయించండి.

మూడు వేల వాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. ఇక్కడ వైరు గురించి గట్టిగా చెప్పాలి. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద గీజరు తగిలిస్తే గోడలో ఆ వైరు కాగుతుంది, ఆ వేడికి కూడా మీరే బిల్లు కడతారు, ఒకరోజు నిప్పు కూడా అంటుకోవచ్చు. గీజరుకు విడిగా లైను, 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పవు. మెయిన్ బోర్డులో ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు) ఉన్నాయి కదా అని ధైర్యపడొద్దు, ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. బకెట్లో వేసే రాడ్డు యూనిట్ల లెక్కలో గీజరుతో సమానమే అయినా, పిల్లలున్న ఇంట్లో నేను దాన్ని అస్సలు ఒప్పుకోను. స్విచ్ వేసి ఉండగా నీళ్లు ఎంత వేడెక్కాయో అని చెయ్యి పెట్టి చూసేవాళ్లుంటారు. ఆ ఒక్క క్షణం చాలు ప్రాణం పోవడానికి.

గ్యాస్ గీజరు ఖర్చులో కొంచెం చవక. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది, గ్యాస్ గీజరులో అందులో 150 దాకా నీళ్లకు చేరుతుంది. సిలిండర్ 900 అనుకుంటే యూనిట్ వేడి ఆరు రూపాయలు. 8.75 స్లాబులో ఉన్నవాళ్లకు ఇది లాభమే. కానీ దాన్ని బాత్రూమ్ లోపల పెట్టడం ప్రాణాంతకం. గాలి ఆడని గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, స్నానం చేస్తూనే మనిషి కుప్పకూలిపోతాడు. బయట బాల్కనీలోనో, గాలి ఆడే యుటిలిటీలోనో పెట్టే వీలు లేకపోతే ఆ ఆలోచనే మానుకోండి. సొంత డాబా ఉన్నవాళ్లకు సోలార్ వాటర్ హీటర్ వీటన్నిటికంటే మేలు.

ఇండక్షన్ స్టవ్వా, గ్యాస్ స్టవ్వా

పైన చెప్పిన 180 యూనిట్ల వేడిలో గ్యాస్ స్టవ్వు మీద గిన్నెకు చేరేది సుమారు 65 శాతం, అంటే 117. మిగతాది పక్కల నుంచి పోయి వంటింటిని వేడెక్కిస్తుంది. ఇండక్షన్‌లో వేడి గిన్నె అడుగులోనే పుడుతుంది కాబట్టి 85 శాతం దాకా పనికొస్తుంది. అందువల్ల ఒక సిలిండర్ చేసే వంటకు 138 యూనిట్లు చాలు. 900 రూపాయలను 138తో భాగిస్తే ఆరున్నర. యూనిట్ ధర ఆరున్నర లోపుంటే ఇండక్షన్ లాభం, దాటితే గ్యాసే.

అక్కడే ఒక చిక్కుంది. నెలకు ఒక సిలిండర్ అయ్యే ఇంట్లో వంటంతా ఇండక్షన్ మీదకు మారిస్తే ఆ 138 యూనిట్లే మిమ్మల్ని పై స్లాబులోకి నెట్టేస్తాయి. నెలకు 150 వాడే ఇల్లు 288కి చేరితే బిల్లు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి రూపాయలు, తెలంగాణలో 1,118 రూపాయలు పెరుగుతుంది. 900 సిలిండర్ మానేసి అంత కట్టడం ఎందుకు? అదే మూడో వంతు పని, అంటే టీ, పాలు, స్నానాలకు కాకుండా తాగడానికి కాచే నీళ్లు, అన్నం మాత్రమే ఇండక్షన్ మీద చేస్తే 45 యూనిట్లు. 150 నుంచి 195కి చేరతారు. పెరిగేది ఆంధ్రాలో 270, తెలంగాణలో 216. మిగిలే గ్యాస్ విలువ 300. రెండూ వంటింట్లో పెట్టుకుని గీత దాటకుండా వాడుకోవడమే నా సలహా. ఒకటి వద్దని ఒకటి తీసేయాల్సిన పని లేదు.

ఏసీ: మూడు స్టార్లా, ఐదు స్టార్లా? అసలు కూలర్ సరిపోదా?

ముందు కూలర్ సంగతి. ఇది ఊరిని బట్టి తేలాలి. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు గాలి నుంచి సుమారు 0.67 యూనిట్ల వేడిని లాగేస్తుంది. పొడి ఎండలో ఒక పెద్ద కూలర్ గంటకు ఐదు లీటర్ల నీరు తాగిందంటే, అది లాగే వేడి దాదాపు ఒక టన్ను ఏసీ లాగేంత. దానికి అది తీసుకునే కరెంటు 200 వాట్ల లోపే. ఇంత చవక చల్లదనం ఇంకెక్కడా లేదు. కానీ ఆ నీరు ఆవిరవ్వాలంటే గాలి పొడిగా ఉండాలి. అనంతపురం, కర్నూలు, కరీంనగర్, ఆదిలాబాద్, హైదరాబాద్‌లలో ఏప్రిల్, మే నెలల్లో గాలి అలాగే ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలలో గాలే తడిగా ఉంటుంది, అక్కడ కూలర్ వేస్తే ఒళ్లు జిగటగా అవుతుంది తప్ప చల్లబడదు. పొడి ఊళ్లో కూడా కిటికీ తెరిచి పెట్టాలి, తలుపులు మూస్తే అరగంటలో గది ఆవిరి గది అయిపోతుంది.

అక్కది తెనాలి, కోస్తా ఊరే, గాలి తడిగానే ఉంటుంది. కాబట్టి ఏసీయే.

ఇప్పుడు షాపుల్లో దొరికేవి ఎక్కువగా ఇన్వర్టర్ ఏసీలే. బ్యాటరీ పెట్టే ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు, కరెంటు పోతే ఇది నడవదు. అక్క కూడా మొదట అలాగే అనుకుంది. పాత ఏసీలో కంప్రెసర్ పూర్తిగా నడుస్తుంది, లేదా ఆగుతుంది. ఇన్వర్టర్ రకంలో గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకుని మెల్లగా నడుస్తుంది. ఆ లాభం రావాలంటే గదికి తగ్గ టన్నేజి (ఏసీ ఎంత వేడిని లాగగలదో చెప్పే కొలత) ఉండాలి. పెద్ద గదిలో చిన్న ఏసీ పెడితే రాత్రంతా ఫుల్‌గానే నడుస్తుంది, ఇన్వర్టర్ అయినా ఉపయోగం ఉండదు.

ఇక స్టార్లు. ఏసీ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. రెండు ఏసీల లేబుళ్లు పక్కపక్కన పెట్టి పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయండి. ఉదాహరణకు ఒకటిన్నర టన్నుల మూడు స్టార్ల మీద 1,000 అని, ఐదు స్టార్ల మీద 800 అని ఉందనుకుందాం. తేడా 200 యూనిట్లు, కానీ అది 1,600 గంటలకు. మీరు రాత్రి ఎనిమిది గంటల చొప్పున 110 రాత్రులు వాడితే 880 గంటలే, మిగిలేది 110 యూనిట్లు. 8.75 చొప్పున ఏడాదికి 960 రూపాయలు. ఐదు స్టార్లదానికి ఎనిమిది వేలు ఎక్కువ పెడితే ఎనిమిదేళ్లు పడుతుంది. అందుకే రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వాడేవాళ్లకు మూడు స్టార్లది తప్పేమీ కాదని అంటాను. ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్ల కోసం పగలూ రాత్రీ నడిపితే, లేదా ఇంటి నుంచే ఉద్యోగం చేస్తే మాత్రం ఐదు స్టార్లదే కొనండి, నాలుగేళ్లలో తేడా తీరిపోతుంది. స్టార్ల ప్రమాణాలు కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు. పాత సరుకు మీది ఐదు స్టార్లు, కొత్త లేబుల్ మీది ఐదు స్టార్లు ఒకటి కావు, లేబుల్ మీది కాలం చూడండి.

ఏ ఏసీ కొన్నా దాన్ని 18లో పెడితే గది త్వరగా చల్లబడదు. మనం అడిగిన డిగ్రీ దాకా వెళ్లాక ఆగడమో నెమ్మదించడమో చేస్తుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని, స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. 27లో పెట్టి, 30 వాట్ల ఫ్యాన్ మెల్లగా తిప్పుకుని చూడండి.

పై అంతస్తు వాళ్లు ఏసీ కంటే ముందు డాబా చూసుకోవాలి. సాయంత్రం ఆరింటికి మంచం మీద పడుకుంటే పైకప్పు వేడి మొహానికి తగులుతుంటుంది. ఆ వేడిని లోపలికి రానిచ్చి ఏసీతో బయటికి తోయడం కంటే, పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించడం తేలిక. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

కొనకూడనిది ఒకటి

ప్లగ్గులో పెడితే బిల్లు 30 శాతం తగ్గుతుందని "పవర్ సేవర్" పేరుతో చిన్న డబ్బాలు అమ్ముతారు. మా చిన్నాన్న కూడా ఒక ఎగ్జిబిషన్‌లో తీసుకున్నారు. విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటర్, ఒక చిన్న లైటు. మోటార్లకు అయస్కాంతం కోసం కొంత కరెంటు కావాలి. అది సెకనుకు యాభై చక్రాల మన సరఫరాలో వస్తూ పోతూ ఉంటుంది, ఖర్చవదు. కెపాసిటర్ ఆ రాకపోకలను తగ్గించే మాట నిజమే. ఫ్యాక్టరీలకు దానివల్ల లాభం ఉంది. కానీ ఇళ్లకు బిల్లు వేసేది కిలోవాట్-అవర్ల మీద, అంటే నిజంగా ఖర్చయిన దాని మీద. వచ్చి తిరిగి వెళ్లిపోయిన దాన్ని మన మీటరు లెక్కపెట్టదు. లెక్కలోనే లేనిది ఎలా తగ్గుతుంది? ఆ డబ్బుతో నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు వస్తాయి. రాగి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ 50 వాట్లకు పైగా తీసుకుంటే ఎల్‌ఈడీది 20 వాట్లతో అదే వెలుగు ఇస్తుంది.

మీ ఇంట్లో ఏది తింటోందో మీటరే చెబుతుంది

ఏది మార్చాలో తేల్చుకోవడానికి ఏ యంత్రమూ కొనక్కర్లేదు. మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు 3200 మిణుకులనో 1600 అనో రాసి ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపి, చూడాలనుకున్న ఒక్కదాన్నే వేసి, నిమిషానికి ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. 3200 మీటరైతే ఆ సంఖ్యను 18.75తో, 1600దైతే 37.5తో హెచ్చవేయండి. అదే ఆ వస్తువు తీసుకుంటున్న వాట్లు. నిమిషానికి నాలుగు మిణుకులంటే 75 వాట్లు, అది మీ పాత ఫ్యాన్. చిన్న వస్తువులకు ఐదు నిమిషాలు లెక్కపెట్టి సగటు తీస్తే ఇంకా సరిగ్గా వస్తుంది.

అన్నీ ఆపేశాక కూడా మిణుకుతోందా? టీవీ పక్కన సెట్‌టాప్ బాక్సు ప్లగ్గులోనే ఉందేమో చూడండి. పది వాట్లు రోజంతా అంటే నెలకు ఏడు యూనిట్లు. అన్ని ప్లగ్గులూ తీసేసినా ఆగకపోతే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. అక్క ఇలా చూసినప్పుడు దొరికింది పదిహేడేళ్ల ఫ్రిజ్. దాని మోటారు ఆగడమే లేదు. డోర్ రబ్బరు వదులై చల్లదనమంతా బయటికి పోతోంది. రబ్బరు మార్పించి, గోడకు అరడుగు ముందుకు జరిపాక మోటారు మధ్యమధ్యలో ఆగుతోంది. కొత్త ఫ్రిజ్ ఆలోచన వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

చివర్లో సోలార్

డాబా మీద సోలార్ పలకలు పెట్టించమని అక్కకు ఒకరు మూడు కిలోవాట్లకు కొటేషన్ ఇచ్చారు. పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు 30,000 చొప్పున రెండు కిలోవాట్లకు 60,000, మూడు ఆపైన ఎంతకైనా 78,000 రాయితీ ఉంది. మూడో కిలోవాట్‌కు వచ్చేది 18,000 మాత్రమే. ఒక కిలోవాట్ మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, రెండైతే నెలకు 240. రెండు ఫ్యాన్లు, ట్యూబులు, ఫ్రిజ్ రబ్బరు మార్చాక, కొత్త ఏసీ కలిపినా ఏడాది మీద సగటు తీస్తే అక్క ఇంటి వాడకం 230 దాటదు. అందుకే రెండు చాలని చెప్పాను. ముందే మూడు పెట్టించి ఉంటే, తర్వాత వాడకం తగ్గించినా ఆ పెట్టుబడి వెనక్కి వచ్చేది కాదు.

ఒక్కటే చూసుకోమన్నాను. డాబాకు తూర్పున పక్కింటి కొబ్బరిచెట్టు ఉంది. పలకలన్నీ వరుసగా ఒకే తీగలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడినా వరుస మొత్తం నెమ్మదిస్తుంది. పొద్దున ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి ఆ నీడ ఎక్కడ పడుతోందో సుద్దతో గీతలు గీసి ఫొటో పంపమన్నాను. మొదటి రెండూ వచ్చాయి. పది గంటలకు నీడ ఇంకా ట్యాంకు పక్కనే ఉంది, పలకలు పడమటి వైపుకు జరపాల్సి ఉంటుంది.